ఒక్కటి కూడా కాదనలేదు

కొత్త సర్వరు పెట్టిన మొదటి రోజే మునీర్‌కి తలకొట్టేసినట్టయింది.

రాతిగుమ్మం ఖాన్‌ఖాలో ఒక ధర్మాసుపత్రి ఉంది. ఖాన్‌ఖా అంటే సూఫీ ఫకీర్లు ఉండే చోటు. కొండ కింద పెద్ద ఆసుపత్రి, కొండమీద తండాల మధ్య మూడు చిన్న మందుల గదులు. ఈ నాలుగు చోట్ల ఎక్కడికి ఎవరొచ్చినా వాళ్ల పేరు, వయసు, బరువు, జబ్బు, ఏ మందు పడదన్న సంగతి, అన్నీ కింద ఆసుపత్రిలో ఉన్న ఒక్క యంత్రంలో చేరతాయి. దాన్నే సర్వరు అంటారు. పై గదుల్లోని కంప్యూటర్లు ఏ సంగతి కావాలన్నా దాన్నే అడుగుతాయి, ఏ సంగతి దాచాలన్నా దానికే చెబుతాయి.

పాత సర్వరు పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసి, ఆ ఎండాకాలం కన్నుమూసింది. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని ఏడాది కిందట ఖాన్‌ఖాకి వచ్చిన మునీర్, "ఈ పని నాకు వదిలెయ్యండి హజ్రత్" అన్నాడు గురువుగారితో. అన్నట్టే కొత్తది తెచ్చాడు. పద్దెనిమిదేళ్ల వివరాలూ ఒక్క పేరు చెదరకుండా అందులోకి మార్చాడు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

తెల్లారి కొండమీది మూడు కంప్యూటర్లలో ఒక్కటీ కొత్త సర్వరుతో కలవలేదు.

గుండ్లమడ మందుల గది కంపౌండరు ఓబులేసు ఫోను చేశాడు. "ఏమప్పా మునీరూ, నీ కొత్త మిషను మా మొగమే చూడనంటాంది!"

"తెర మీద ఏం రాసుంది, ఓబులేసన్నా?"

"ఈ అక్షరాల పద్ధతి నాకు తెలీదు అంటాంది. తెలీకుంటే నేర్చుకోమను. ఈడ పద్నాలుగు మంది వచ్చి కూచున్నారు."

"తెలీదంటున్నది నా సర్వరు కాదన్నా, నీ కంప్యూటరు."

"ఎవురైతే ఏం? పని కాలేదు కదా!"

యంత్రానికి అక్షరాలు రావు, అంకెలే వచ్చు. అందుకని 'అ'కి ఒక అంకె, 'క'కి ఒక అంకె అని ముందే ఒక పుస్తకం రాసుకున్నట్టు పెట్టుకుంటారు. కొండమీది కంప్యూటర్లలో ఉన్నది పాతికేళ్ల కిందటి పుస్తకం. కొత్త సర్వరు వాడేది ఇప్పటి పుస్తకం. ఇంగ్లీషు అక్షరాలకీ, లెక్కల అంకెలకీ రెండిట్లోనూ ఒకే గుర్తులు. తెలుగు దగ్గరికొచ్చేసరికి దేని దారి దానిదే. పాత పుస్తకంలోని అంకె పట్టుకుని కొత్త పుస్తకంలో వెతకడమంటే, పాతూరి ఇంటి నంబరు పట్టుకుని కొత్త కాలనీలో తలుపు తట్టబోవడమే. ఆ నంబరు ఇల్లే అక్కడ ఉండదు.

అందుకే రెండు యంత్రాలు కలిసినప్పుడు, ముందు ఏ పుస్తకం ప్రకారం మాట్లాడుకుందామన్నది తేల్చుకుంటాయి. కొత్త సర్వరు తన పుస్తకం పేరు చెప్పి పలకరించింది. ఆ పేరు పాత కంప్యూటర్లు ఎన్నడూ విననిది. తెలీదని చెప్పి వెనక్కి తిరిగాయి.

మునీర్ గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

గురువుగారి పేరు నిజాముల్లా షా. ఆ చుట్టుపక్కల అందరూ చాప పీరు అంటారు. ఆ ఖాన్‌ఖాలో ఒక ఆచారం ఉంది. ఎవరు అందరికన్నా పెద్దవాళ్లో వాళ్లే పొద్దున్నే వచ్చి ఆసుపత్రి గుమ్మంలో ఈతాకు చాప మీద కూర్చోవాలి. వచ్చిన ప్రతి మనిషినీ ముందుగా ఒకే మాట అడగాలి: "మీరు ఏ మాట మాట్లాడతారు?" అది రెండు రాష్ట్రాల సరిహద్దు, అక్కడ తెలుగూ ఉర్దూ ఉన్నాయి, కన్నడం ఉంది, తండాల్లో లంబాడీ ఉంది. చాప మీది మనిషికి ఆ మాట వస్తే సరే. రాకపోతే, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, తెలిసినవాళ్లని తనే లేచి వెళ్లి తీసుకురావాలి. షా సాహెబు ముప్ఫై ఏళ్లుగా ఆ చాప మీదే ఉన్నాడు.

మునీర్ ఆయన పక్కన నిలబడి సంగతంతా చెప్పాడు. "ఆ పాత కంప్యూటర్లు తీసిపారెయ్యాలి హజ్రత్. ఇంకో దారి లేదు."

"రక్తపరీక్ష మిషన్లు వాటితో తప్ప పనిచెయ్యవన్నావు కదా బేటా?"

"అవును. ఆ మిషన్లు చేసిన కంపెనీ కూడా మూతపడింది."

"అయితే అవి పోతే పరీక్షలు పోతాయి."

మునీర్ తల గోక్కున్నాడు.

"వాటికి నీ కొత్తదాని మాట రాదంటావు. సరే. నీ కొత్తదానికి వాటి మాట వచ్చా?"

"దానికి రానిదేముంది హజ్రత్!" మునీర్ గొంతు కొంచెం లేచింది. "పాత పుస్తకాలన్నీ దాంట్లో ఉన్నాయి. కానీ కొత్తది పాతవాటి కోసం వెనక్కి వంగడమేంటి? అవే మారాలి."

"అవి తయారైనప్పుడు ఈ కొత్త పుస్తకం ఉందా?"

"ఇక్కడికి ఇంకా రాలేదు."

షా సాహెబు "ఊఁ" అన్నాడు. అప్పుడే గుమ్మంలోకి ఒక కన్నడపు రైతు వచ్చాడు. ఆయన అటు తిరిగాడు.

మునీర్‌కి ఆ "ఊఁ" నచ్చలేదు. గదిలోకి వెళ్లి ఆలోచించాడు. తెలివైనవాడు కాబట్టి గంటలోపలే ఒక అడ్డదారి దొరికింది. సర్వరుకి రెండే రెండు వరుసల ఆజ్ఞ రాశాడు: నీది ఏ పుస్తకమో చెప్పకు, వచ్చినవాళ్లది ఏ పుస్తకమో అడగకు. ఎవరొచ్చినా కొత్త పుస్తకంలోనే మాట్లాడుతున్నారనుకో.

ఓబులేసుకి ఫోను చేశాడు. "అన్నా, ఇప్పుడు చూడు. నా పేరు కొట్టు. ఇంగ్లీషులో కొట్టు, తొందరగా అవుతుంది."

"కొట్టినా. పోయింది. పోయిందప్పా! ఇంక ఏ మాటా అంటంలేదు!"

మునీర్ తన తెర మీద చూశాడు. తన పేరు చక్కగా వచ్చి కూర్చుంది. వయసు ఇరవై ఆరు, బరువు అరవై రెండు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిగతా రెండు గదులకీ ఫోను చేసి కలిపేశాడు.

"నువ్వు గట్టోడివప్పా," అన్నాడు ఓబులేసు. "అయినా నా నోటుబుక్కులో గూడా రాసిపెట్టుకుంటాలే."

"ఇంకా ఆ నోటుబుక్కేంటన్నా? ఇది ఏ కాలం అనుకున్నావు?"

"నువ్వు నిన్న పుట్టిన మిషను తెచ్చినావు. నా నోటుబుక్కు నీకంటే పెద్దది."

మునీర్ నవ్వి ఫోను పెట్టేశాడు.

నాలుగు రోజులు గడిచాయి. సర్వరు తనకు ఎదురైన తప్పులన్నీ ఒక చోట రాసిపెడుతుంది. మునీర్ పొద్దునా సాయంత్రం అది తెరిచి చూశాడు. తెల్లకాగితంలా ఉంది. ఐదో రోజు సాయంత్రం గురువుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, లోపల మాత్రం ఛాతీ విరుచుకుని.

"మూడూ కలిశాయి హజ్రత్. ఏదీ మార్చలేదు, ఏదీ పారెయ్యలేదు. నాలుగు రోజుల్లో రెండొందల మంది వివరాలు వచ్చాయి. ఒక్కటి కూడా కాదనలేదు."

షా సాహెబు చాప చుడుతున్నవాడల్లా ఆగాడు. "ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

ఆయన చాప చుట్టడం పూర్తిచేసి మునీర్ చేతికిచ్చాడు. "రేపు పొద్దున దీని మీద నువ్వు కూర్చో బేటా. నా చెప్పు తెగింది, కుట్టుకోవాలి."

ఆ చాప మీద అంత చిన్నవాణ్ణి కూర్చోబెట్టడం ఎవరూ ఎరగరు. ఆ సాయంత్రమంతా మునీర్ కాలు నేల మీద ఆనలేదు.

మర్నాడు ఎనిమిదింటికల్లా గుమ్మంలో నలభై మంది దాకా చేరారు. షా సాహెబు ఎదురుగా అరుగు మీద కూర్చుని, చెప్పు ఒళ్లో పెట్టుకుని, దబ్బనంతో కుట్టుకుంటున్నాడు. మునీర్ మొదటి ఇద్దరినీ ఆచారం ప్రకారమే అడిగాడు: "మీరు ఏ మాట మాట్లాడతారు?" ఇద్దరూ తెలుగే అన్నారు. మూడో ఆయన "ఏం మాటలు సామీ, కడుపునొప్పి" అన్నాడు. ఆ తర్వాత మునీర్ అడగడం మానేశాడు. వరుస చూస్తే పొడుగ్గా ఉంది. మనుషుల్ని చూస్తే తెలిసిపోతూనే ఉంది. పాతకాలపు మర్యాద కోసం ఇంతమందిని ఎండలో నిలబెట్టాలా? "రండి, లోపలికి వెళ్లండి, ఆ పక్క గది" అంటూ చకచకా పంపించాడు. వరుస కరుగుతుంటే అతనికి ముచ్చటేసింది.

అప్పుడొచ్చింది సోమ్లీ బాయి. గుండ్లమడ పక్క తండా. మోకాలి కింద పుండు, దానికి గుడ్డకట్టు. ఓబులేసు రాసిచ్చిన నంబరు చీటీ ఆమె పిడికిలిలో ఉంది. ఆమె మునీర్ ముందు వంగి లంబాడీలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. జబ్బ చూపించింది. మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది. వేళ్లతో ఒళ్లంతా తట్టి చూపించింది. మళ్లీ మొదటినుంచి చెప్పింది.

మునీర్ తలూపాడు. "సరే సరే యాడీ. లోపల డాక్టరమ్మకి చెబుదువుగాని. వెళ్లు."

'యాడీ' అంటే అమ్మా అని. అతనికి వచ్చిన లంబాడీ అంతే. ఆ ఒక్క మాట విని, అతని తల ఊగడం చూసి, ఆమె ముఖం తేటపడింది. ఇంక తను చెప్పాల్సింది చెప్పేశానన్న నమ్మకంతో లోపలికి వెళ్లింది.

అరుగు మీద దబ్బనం ఆగింది.

"ఏం చెప్పింది బేటా?"

"చెయ్యి నొప్పి, మెడ నొప్పి అంటోంది హజ్రత్."

"అట్లా చెప్పిందా?"

"అట్లాగే... అనుకుంటున్నా."

"కట్టు కాలికుంది."

మునీర్ లోపలి గది వైపు చూశాడు.

"నువ్వు తలూపావు కదా. ఆమె ఏమనుకుంది?"

మునీర్ జవాబు చెప్పకముందే షా సాహెబు లేచాడు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. అట్లాగే లోపలికి నడిచాడు. మునీర్ వెనకే వెళ్లాడు.

డాక్టరు సుగుణమ్మ సూదిలోకి మందు ఎక్కించి పట్టుకుని తెర వైపు చూస్తోంది. మునీర్‌ని చూడగానే అంది: "వచ్చావా, ఇటు చూడు. నీ కొత్త మిషను పెట్టాక కొండమీద నుంచి వచ్చిన మొదటి మనిషి ఈమె. ఈ గుర్తులేంటి? ఏ మందు పడదో ఓబులేసు ఎప్పుడూ ఇక్కడే రాస్తాడు. ఏమీ లేదనా దీనర్థం?"

మునీర్ చూశాడు. వయసు డెబ్భై ఒకటి. బరువు నలభై మూడు. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు. పడని మందు రాసే చోట ఇంకా పొడుగైన వరస. ఎవరో గొంతు విప్పి చెప్పబోతే నోరు నొక్కినట్టు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ప్రశ్న గుర్తులే.

షా సాహెబు సోమ్లీ బాయి ముందు నేల మీద గొంతుకూర్చున్నాడు. ఆమె మాటలోనే ఏదో అడిగాడు. అడగడం సరిగ్గా రాలేదు కాబోలు, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తప్పు దిద్ది చెప్పింది. ఆయన దిద్దుకుని మళ్లీ అడిగాడు. అప్పుడామె చెప్పింది. జబ్బ, మెడ, ఒళ్లు. అవే సైగలు, అదే వరస. ఆయన తలూపలేదు. మధ్యమధ్య ఆపి మళ్లీ అడిగాడు. చివరికి, తను విన్నదంతా ఆమెకే తిరిగి చెప్పాడు. అప్పుడు తలూపింది ఆమె.

ఆయన లేచాడు. "సుగుణమ్మా, ఈ సూది ఈమెకి పడదు. పోయినేడు జబ్బకి ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, చావు తప్పి బయటపడిందట. ఓబులేసుకి చెప్పానంటోంది. గుమ్మం దగ్గర ఆ అబ్బాయికీ చెప్పాను, సరే అన్నాడు అంటోంది."

డాక్టరమ్మ సూదిని పళ్లెంలో పెట్టింది. ఆ చిన్న చప్పుడు మునీర్ జన్మలో మరిచిపోడు.

అతను బయటికొచ్చి ఓబులేసుకి ఫోను చేశాడు.

"రాసినా కదప్పా!" అన్నాడు ఓబులేసు. "ఆయమ్మకి ఏ సూది పడదో పేరుతో సహా తెలుగులో కొట్టినా. నీ మిషను తీసుకునింది. తీసుకోలేదంటే నాకు తెలిసేది, మనిషిని పంపించేవాణ్ణి. తీసుకునింది కదా అని ఊరకున్నా!"

మునీర్ సర్వరు ముందు కూర్చున్నాడు. పాత పుస్తకం అంకెలు వచ్చాయి. అడగవద్దన్నాడు కాబట్టి సర్వరు అడగలేదు. కొత్త పుస్తకంలో వెతికింది, దొరకలేదు. దొరకని ప్రతిచోటా ఒక ప్రశ్న గుర్తు పెట్టి, సరే అని తలూపింది. రెండొందల మందికీ తలూపింది. ఇంగ్లీషు పేరుతో పరీక్షించినవాడికి ఇదంతా ఎట్లా కనిపిస్తుంది?

ప్రశ్న గుర్తు వెనక ఏ అక్షరం ఉండేదో ఏ యంత్రమూ వెనక్కి తీసి చెప్పలేదు. అదంతా పోయినట్టే.

ముందుగా ఆ రెండు వరుసల ఆజ్ఞ తీసేశాడు. పై గదులకి ఫోను చేసి, చెప్పేదాకా ఎవరి వివరాలూ కొట్టవద్దన్నాడు. ఈ రెండొందల మందిలో ఎవరొచ్చినా వాళ్లనే అడిగి మందివ్వమని డాక్టరమ్మకి చెప్పాడు. ఆ తర్వాత బస్సెక్కి గుండ్లమడ వెళ్లి ఓబులేసు ముందు నిలబడ్డాడు.

"అన్నా, నీ నోటుబుక్కు ఒకసారి ఇస్తావా?"

ఓబులేసు అట్టకి న్యూసుపేపరు తొడిగిన పుస్తకం తీసి, దుమ్ము లేకపోయినా రెండుసార్లు దులిపి, అతని చేతిలో పెట్టాడు. "ఇది ఏ కాలం అనుకున్నావప్పా?" అన్నాడు. అని, తనే బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ కూర్చుని డెబ్భై ఎనిమిది పేర్లు రాసుకున్నారు.

మిగతా రెండు గదుల్లో నోటుబుక్కులు లేవు. అక్కడివాళ్ల కోసం మునీర్ మూడు రోజులు తండాల్లో ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి గుమ్మంలో అలవాటుగా తెలుగులో మొదలుపెట్టబోయి ఆగాడు. రెండో గుమ్మం నుంచి, నోరు తెరవగానే ఏ మాట మాట్లాడతారనే అడిగాడు. తనకి రానిచోట, ఆ మాట తెలిసినవాళ్లని పక్కింటి నుంచి పిలుచుకొచ్చాడు. తను రాసుకున్నది వాళ్లకే తిరిగి చదివి వినిపించాడు, వాళ్లు తలూపేదాకా.

నాలుగో రోజు సర్వరుకి కొత్త ఆజ్ఞ రాశాడు. ఈసారి రెండు వరుసలు చాలలేదు. ఎవరొచ్చినా ముందు వాళ్ల పుస్తకం ఏదో అడుగు. వాళ్లకి తెలిసిన పేరుతోనే పలకరించు. వాళ్లు పాత అంకెలిస్తే పాత పుస్తకంలో చూసి తీసుకో, నీ దగ్గర కొత్తగా రాసుకో. తిరిగి ఇచ్చేటప్పుడు పాత అంకెల్లోనే ఇయ్యి. వాళ్ల పుస్తకంలో లేని అక్షరం ఎదురైతే ప్రశ్న గుర్తు పెట్టకు. లేదని చెప్పు.

రాస్తూ రాస్తూ ఒకచోట చెయ్యి ఆపాడు. పాతదానికి, తన తర్వాత పుట్టినదాని పేరు తెలిసే వీలే లేదు. కొత్తదానికి మాత్రం తన ముందువన్నీ తెలుసు. ఆ రోజు గుమ్మంలో హజ్రత్ "ఊఁ" అన్నది గుర్తొచ్చింది. మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

ఈసారి పరీక్షకి ఓబులేసు చేత సోమ్లీ బాయి పేరు కొట్టించాడు, తెలుగులో. అక్షరం అక్షరం దిగింది. పడని మందు పేరు కూడా.

ఆ సాయంత్రం గురువుగారిని అడిగాడు. "హజ్రత్, నా పనిలో తప్పుందని మీకు ముందే తెలుసు కదూ?"

"నీ యంత్రం సంగతి నాకేం తెలుసు బేటా?" అన్నాడు షా సాహెబు. "ఒక్కటి కూడా కాదనలేదన్నావు. ముప్ఫై ఏళ్లుగా ఆ చాప మీద కూర్చుంటున్నా. నాకు ఒక్క రోజు కూడా అట్లా జరగలేదు."

వారం తర్వాత ఒక పొద్దున ఓబులేసు ఫోను.

"ఏమప్పా, మళ్లీ మొదలుపెట్టింది నీ మిషను! మీ కింద ఆసుపత్రిలో చూపించుకున్న ముసలాయన ఈడికొచ్చినాడు. నంబరు కొడితే పేరియ్యనంటాంది. 'ఇందులో నీ పుస్తకంలో లేని అక్షరాలున్నాయి, కింద అడుగు' అంటాంది."

మునీర్ తెర మీద చూశాడు. ఆ పెద్దాయన వివరాలు కింద ఉర్దూ అక్షరాల్లో రాసి ఉన్నాయి. గుండ్లమడ కంప్యూటరు పుస్తకంలో ఉర్దూ లేదు.

"రాసుకో అన్నా, నేను చదువుతా. జియావుద్దీన్. చెరుకుతోట జియావుద్దీన్. ఆయనకి సల్ఫా మాత్రలు పడవు. రాశావా? నాకు తిరిగి చదువు."

ఓబులేసు చదివాడు. చదివి, "మిషను పనిచెయ్యలేదని చెప్తాంటే పెండ్లికి పిలిచినట్టు సంబరపడతావేందప్పా?" అన్నాడు.

మునీర్ ఫోను పెట్టేసి బయటికి పరుగెత్తాడు. షా సాహెబు గుమ్మంలో చాప మీద ఉన్నాడు. వరుస ఇంకా మొదలవలేదు.

"హజ్రత్! ఈ పొద్దు ఒకటి కాదంది!"

షా సాహెబు తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఏమైందని అడగలేదు. ముప్ఫై ఏళ్లుగా తన కింద నలిగిన ఆ చాప మీద కొంచెం పక్కకి జరిగాడు.

"రా, కూర్చో."